వేడి అట్టు తిన్న దెయ్యం

శ్రావణ శుక్రవారం ఉదయం భీమశంకరరావు కొట్టు షట్టరు ఎత్తి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు వెలిగించి, గల్లాపెట్టెకు దణ్ణం పెట్టుకుని కూర్చున్నాడో లేదో, ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చి తెల్లచీర కావాలని అడిగింది. అచ్చ తెలుపు. అంచు ఉండకూడదు, పువ్వు ఉండకూడదు, మెరుపు అసలే ఉండకూడదు.

నరసన్నపేట బజారులో ఆ కొట్టు పెట్టినప్పటినుంచి బోణీకి తెల్లబట్ట అమ్మలేదు. పంచెల కోసం పొద్దున్నే వచ్చిన రైతులకు కూడా టీ ఇప్పించి, ఇంకెవరో వచ్చి రంగుబట్ట కొనేదాకా బెంచీ మీద కూర్చోబెట్టడం భీమశంకరరావు పద్ధతి. అందులోనూ శ్రావణ శుక్రవారం.

"స్టాకు లేదమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన తల మీదుగా అరలోకి చూసింది. "మరి అవేటండి?"

"అవి అమ్మడానికి కాదు."

"చూడ్డానికా?"

చీరలు మడతపెడుతున్న కొడుకు జయకృష్ణ నవ్వు ఆపుకుని ముందుకొచ్చాడు. బీకాం అయ్యాక తండ్రితో పాటు కొట్లో కూర్చుంటున్నాడు. బేరం ఎలా పోకుండా చూడాలో తండ్రికన్నా బాగా తెలుసు. ముందు ఒక ఎర్ర జాకెట్టు ముక్క తీసుకుంటే, ఆ తరవాత ఎన్ని తెల్లచీరలైనా ఇస్తామని మర్యాదగా చెప్పాడు. ఆమె అంతే మర్యాదగా, ఎర్ర జాకెట్టుతో తనకు పని లేదని, ఇంకొకరి భయం కోసం తను బట్టలు కొననని చెప్పింది.

"మీరు భయపెట్టడానికే వచ్చినట్టున్నారండి" అన్నాడు జయకృష్ణ.

"ఇంకా మొదలుపెట్టలేదండి" అంది.

చివరికి జయకృష్ణే ఒక ఎర్ర జాకెట్టు ముక్క చించి, తన జేబులోంచి నోటు తీసి గల్లాపెట్టెలో వేశాడు. మన కొట్లో మనమే కొనుక్కుంటే అది బోణీ ఎలా అవుతుందని తండ్రి అడిగాడు. డబ్బు తన జేబులోదని కొడుకు అన్నాడు. నీ జేబులోకి ఎక్కణ్ణుంచి వచ్చిందని తండ్రి అడిగేలోపు తెల్లచీర కాగితంలో చుట్టుకుపోయింది.

తెల్లచీర కొన్నవాళ్ళను పలకరించడం ఆ కొట్లో మర్యాద. ఇంట్లో ఎవరైనా కాలం చేశారా అని భీమశంకరరావు గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరూ పోలేదండి. దెయ్యానికి" అంది ఆ అమ్మాయి. ఆయన మళ్ళీ లక్ష్మీదేవి పటం వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె పేరు అనూరాధ. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఇల్లు అరసవల్లి. తండ్రికి అక్కడే పూజాసామాన్ల కొట్టు. ఇవన్నీ జయకృష్ణకు మధ్యాహ్నానికల్లా తెలిశాయి. ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో వినోద్‌ది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే వినోద్ జయకృష్ణతో కలిసి చదివినవాడే. ఆమె తీయబోయే చిన్న సినిమాకు కెమెరా అతనిదే. భోజనానికి ఇంటికి వెళ్ళవలసిన జయకృష్ణ, ఆమె కూర్చున్న స్టూడియోలో తేలాడు.

అనూరాధ ఎమ్మే చదివేటప్పుడు దెయ్యాల సినిమాలన్నీ చూసి ప్రాజెక్టు రాసిందట. మన సినిమాల్లో మగవాడు చస్తే దండ వేసిన ఫోటో అవుతాడు, ఆడది చస్తే దెయ్యం అవుతుంది. అందులో తేలింది అదీ. బతికుండగా గట్టిగా నవ్వనివ్వరు, జుట్టు విరబోసుకుని తిరగనివ్వరు, చీకటి పడ్డాక గడప దాటనివ్వరు. ఇవన్నీ చెయ్యాలంటే చచ్చిపోవడం ఒక్కటే దారి. పోనీ చచ్చాకైనా హాయిగా ఉంటుందా అంటే, ఆఖరి పావుగంటలో నిమ్మకాయలు పట్టుకుని ఒకడు వస్తాడు. సీసాలో పెట్టి మూత బిగిస్తాడు. జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. అనూరాధకు సీసాలోకి వెళ్ళని దెయ్యం కావాలి.

జయకృష్ణ ఒక నిజం దాచిపెట్టి ఇదంతా విన్నాడు. అతనికి దెయ్యాల సినిమాలంటే చచ్చేంత భయం. హాలులో కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళ అరుపులను బట్టి కథ తెలుసుకునే రకం.

"మీ సినిమాలో ఆవిడ ఎక్కడ పోయిందండి?" అని మాత్రం అడిగాడు.

"వంటింట్లో."

"వంటింట్లో తెల్లచీర ఎవరు కడతారండి? పసుపు మరక పడితే పోదు. నైటీ వేసుకుంటారు, పైన తువ్వాలు కప్పుకుంటారు. మా కొట్లో రోజూ అమ్మేవి అవే."

నైటీలో ఉంటే అది దెయ్యమని జనం గుర్తుపట్టరని వినోద్ గోల పెట్టాడు. అనూరాధ అతని గోల వినలేదు. జయకృష్ణ వంక చూస్తోంది. ఆ చూపు కొట్లో చూసిన చూపు కాదు. బట్టను వెలుగులోకి పట్టి నేత ఎలా ఉందో చూసుకునే చూపు.

"మరి పొద్దున్న చీర ఎందుకమ్మారు?"

"మీరడిగారు. అడిగింది ఇవ్వడమే నా పని."

ఇక ఆ దెయ్యానికి ఏం కావాలన్నది మిగిలింది. వినోద్‌కు నెత్తురు కావాలి. అనూరాధ నెత్తురు వద్దంది. అప్పుడు జయకృష్ణ ఏదో సరదాకి వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. అమ్మ పెనం దగ్గర నిలబడి నాన్నకీ తనకీ ఇంటికి వచ్చినవాళ్ళకీ అట్లు వేస్తూనే ఉంటుంది. ఆఖరున పిండిగిన్నె గీకితే వచ్చిన ముక్క తనకు. అది కూడా గిన్నెలు సింకులో పడేశాక, చల్లారిపోయాక. అమ్మ వేడి అట్టు తినగా తను ఎప్పుడూ చూడలేదని నవ్వుతూ ముగించాడు.

నవ్వింది అతనొక్కడే.

కథ ఆ మధ్యాహ్నమే తయారైంది. చచ్చిపోయిన ఇల్లాలు రోజూ పొద్దున్నే వచ్చి బల్ల దగ్గర కూర్చుంటుంది. ఎవరి పీకా పట్టుకోదు. మొదటి అట్టు తనకు కావాలంటుంది, వేడివేడిగా. ఇంట్లో వాళ్ళు మంత్రగాణ్ణి పిలుస్తారు. అతనూ పొద్దున్న ఏమీ తినకుండా వచ్చినవాడే. కాసేపు మంత్రాలు చదివి, ఆవిడ పక్కనే కంచం పెట్టుకుని కూర్చుంటాడు. పాపం మొగుడే పెనం ముందు నిలబడి, చెయ్యి కాల్చుకుని, అట్టు వెయ్యడం నేర్చుకుంటాడు. "ఇంకొకటి" అంటుంది దెయ్యం. అంతే సినిమా.

దెయ్యం వేషానికి ఒప్పుకున్న స్టూడెంటు మర్నాడే తప్పుకుంది. దెయ్యంగా కనిపిస్తే సంబంధాలు రావని వాళ్ళమ్మ అందట. అనూరాధ నైటీ తనే వేసుకుంది.

కొత్తవలసలో బంధువుల గృహప్రవేశానికి అమ్మానాన్నా వెళ్ళిన రోజున జయకృష్ణ తన ఇంటి వంటిల్లే షూటింగుకు ఇచ్చాడు. పట్టపగలు కిటికీలకు కొట్లోని నల్ల లైనింగు గుడ్డ కట్టి రాత్రి చేశారు. బయట వాన మొదలైంది. రేకుల మీద చినుకుల మోతకు వినోద్ పొంగిపోయాడు. జయకృష్ణ చేతికి లైటు ఇచ్చి కదలొద్దన్నాడు.

కళ్ళ కింద కాటుక పూసుకుని, తడిజుట్టు విరబోసుకుని, భుజాన తువ్వాలుతో అనూరాధ బల్ల దగ్గర కూర్చుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నవ్వింది. కావాలని చేసిన దెయ్యం నవ్వు కాదది. ఆకలేసిన మనిషికి వేడి తగిలినప్పుడు వచ్చే నవ్వు. జయకృష్ణ చేతిలో లైటు గడగడ వణికింది. ఆ షాటును వినోద్ అలాగే ఉంచేశాడు. తరవాత చూసినవాళ్ళు లైటింగు టెక్నిక్ అదిరిందన్నారు.

"భయమేసిందా?" అని ఆమె మొహం కడుక్కుంటూ అడిగింది.

"చెయ్యి లాగేసిందండి, అంతే" అన్నాడు. కాటుక పూర్తిగా పోని ఆ మొహం వంక చూస్తే అతనికి ఇప్పుడు పుడుతున్నది వేరే భయం.

ఆ తరవాత జయకృష్ణకు ప్రతి ఆదివారం శ్రీకాకుళంలో పని పడటం మొదలైంది. ఎడిటింగు చూడాలి, పాత సినిమాల గురించి ఆమె చెప్పేవి వినాలి, టీ తాగాలి. ఆమె నోటితో వింటే దెయ్యాలు అంత భయంగా ఉండేవి కావు. ఒక్కొక్కరికీ ఒక్కో న్యాయమైన ఫిర్యాదు ఉండేది. అయితే ఇష్టమన్న మాట మాత్రం అతని నోటికి రాలేదు. బదులుగా పెళ్ళిళ్ళు కుదిర్చే మేనత్తను మంచి చేసుకుని, అరసవల్లి సంబంధం ఆవిడే కనిపెట్టినట్టు ఇంట్లో చెప్పించాడు. తన ప్రేమను తనే పెద్దలు కుదిర్చిన పెళ్ళిగా మార్చుకున్నందుకు చాలా గర్వపడ్డాడు. కులం ఒకటే, గోత్రాలు వేరు, రెండువైపులా వ్యాపారమే. వంక పెట్టడానికి ఏమీ లేదని భీమశంకరరావు కూడా అన్నాడు. తెల్లచీర కొన్నది ఈ పిల్లేనని అప్పటికి ఆయనకు తెలియదు.

సరిగ్గా అప్పుడే సినిమా యూట్యూబులోకి వచ్చింది.

వంటింట్లో కొట్టు పేరున్న క్యాలెండరు తీసేస్తే ఇల్లు ఎవరిదో తెలియదని జయకృష్ణ, వినోద్ అనుకున్నారు. దెయ్యం తిన్న స్టీలు కంచాన్ని మాత్రం వినోద్ మనసుపడి దగ్గరగా తీశాడు. జయకృష్ణ తల్లి ధనలక్ష్మికి పెళ్ళిలో వచ్చిన కంచమది. దాని లోపలివైపు ఆమె పేరు, ఊరు చక్కగా చెక్కి ఉన్నాయి. అట్టు అయిపోతున్న కొద్దీ అక్షరాలు బయటపడ్డాయి. "ధనలక్ష్మి, నరసన్నపేట."

ఊరంతా చదివింది. బతికున్న ధనలక్ష్మిని కొడుకు దెయ్యం చేశాడని, కాదు కాబోయే కోడలు చేయించిందని, ఆ ఇంట్లో ఆవిడకు తిండి పెట్టరని బజారులో రకరకాలుగా చెప్పుకున్నారు. కొందరు కొట్లోకి వచ్చి, చీరలు చూసే వంకతో, ధనలక్ష్మి గారు కులాసానా అని భీమశంకరరావును అడిగి వెళ్ళారు.

ఆయన కొడుకుని పిలిచాడు. "ఆ పిల్ల ముందు ఆ సినిమా తీసేయాల. తరవాతే తాంబూలాలు. నాకు నలుగుర్లో తలెత్తుకునీలాగ ఉండాల."

ధనలక్ష్మి పెనం దగ్గర నుంచి కదలలేదు. అట్లు వేస్తూనే ఉంది. అయితే ఆ రోజుల్లో ఆమె ఫోనులో డేటా పొద్దున్నకే అయిపోతూండేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

జయకృష్ణ ఆదివారం వెళ్ళి అనూరాధకు చాలా నెమ్మదిగా చెప్పాడు. తీసేయక్కర్లేదు. పెళ్ళయ్యేదాకా ప్రైవేటులో పెడితే చాలు. తరవాత ఎవరూ పట్టించుకోరు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"దెయ్యాల సినిమాల్లో హీరో ఏం చేస్తాడో గమనించారా? మొదట ప్రేమిస్తాడు. తరవాత మంత్రగాణ్ణి తనే తీసుకొస్తాడు."

"నేను సీసా తేలేదండి."

"మూత తెచ్చారు." ఆమె లేచింది. "ఇన్నాళ్ళూ మీరు నాతో ఇష్టమని ఒక్కసారి అనలేదు. సంబంధం పంపారు. ఇప్పుడు షరతు పంపారు. మీ నాన్నగారు చెప్పమన్నవి చెప్తున్నారు. మీరేమనుకుంటున్నారో నాకింతవరకు తెలీదు."

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఫోను ఎత్తలేదు. సినిమా తీసేయలేదు.

దసరా బేరాలు మొదలయ్యాక భీమశంకరరావు కొట్లో ఒక వింత జరిగింది. ఆడవాళ్ళు వచ్చి, దెయ్యం వేసుకున్న నైటీ ఇమ్మని అడగడం మొదలుపెట్టారు. గోధుమరంగు మీద పసుపు పువ్వులది. మొదట ఆయన కసురుకున్నాడు. తరవాత, అడిగింది ఇవ్వడం వ్యాపార ధర్మం కాబట్టి ఇచ్చాడు. ఉన్నవి అయిపోయాయి. మళ్ళీ తెప్పించినవీ అయిపోయాయి. ఆయన కోపం కూడా సరుకుతో పాటు తరిగింది. ఒకరోజు భోజనాల దగ్గర, ఆ పిల్ల తెలివైందేనని, సినిమా ఉంటే ఉండనీమని, తాంబూలాలకు మంచిరోజు చూద్దామని అన్నాడు.

కబురు వెళ్ళింది. జవాబు వెంటనే వచ్చింది. నైటీలు అమ్ముడుపోయాయని తనను ఒప్పుకుంటే, అవి అమ్ముడుపోని రోజున ఏమవుతుందో తనకు తెలుసని, ఈ సంబంధం వద్దని అనూరాధ చెప్పించింది.

జయకృష్ణ ఆ పూట అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. ధనలక్ష్మి పళ్ళెం తీసేస్తూ, ఆదివారం అరసవల్లి వెళ్దామంది. సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని చాలా రోజులైందట.

దర్శనం అయింది. గుడి బయట ఆటోల రద్దీ దాటాక ధనలక్ష్మి కొడుకు బండి వెనక కూర్చుని, ఆ పిల్ల ఇంటికి పోనియ్యమంది. వీధిలో బండి ఆపాక, అతను దిగబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"నువ్విక్కడే ఉండొరే. ఆడోళ్ళ మధ్యన నీకేటి పని?"

అనూరాధ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆదివారం కావడంతో తల్లిదండ్రులు గుడి దగ్గర కొట్లో ఉన్నారు. ధనలక్ష్మిని చూసి కంగారుపడి కుర్చీ వేసింది. ధనలక్ష్మి కూర్చుని, ఫ్యాను వైపు చూసి, కొంగుతో మెడ తుడుచుకుని, సూటిగా అడిగింది.

"ఆ సినిమా నా గురించేనా?"

అనూరాధ అబద్ధం చెప్పలేకపోయింది. "మీ గురించేనండి. మీరు వేడి అట్టు తినగా చూడలేదని మీ అబ్బాయి చెప్పారు. కంచం మీద పేరు మాత్రం మేము చూసుకోలేదు. అది తప్పే. క్షమించండి."

"పేరు సంగతి కాదమ్మా. పేరు బాగానే కనిపించినాది." ధనలక్ష్మి గొంతులో కోపం లేదు. చాలా రోజులుగా లోపల తిప్పుకుంటున్న ప్రశ్నను బయటపెడుతున్న గొంతు అది. "నాను సానాసార్లు సూసాను. నవ్వొచ్చినాది, ఏడుపూ వచ్చినాది. ఒక్కటే అర్థం కాలేదు. నన్నెందుకు సంపేసినావు?"

"అంటే... దెయ్యం కావాలంటే..."

"ఒక అట్టు ముక్క వేడిగా తినడానికి సావాలేటి? బతికుండగా కూకుని తినకూడదా? మావోళ్ళు నన్ను కూకోనివ్వలేదు సరే. అంత సదువుకున్నావు, నువ్వైనా కూకోబెట్టొచ్చు కదా."

అనూరాధకు తన ప్రాజెక్టు గుర్తొచ్చింది. ఎమ్మేలో ఎన్ని సినిమాలు చూసింది, ఎన్ని పేజీలు రాసింది, ఎందరు దర్శకులను తప్పుపట్టింది. ఆడదానికి ఇష్టమొచ్చినట్టు ఉండే హక్కు చచ్చాకే ఇస్తారని వాళ్ళను తిట్టిపోసి, తన చేతికి కెమెరా రాగానే తనూ ముందు ఆ పనే చేసింది. ఆమెకు సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది. రెండోదే గెలిచింది. ధనలక్ష్మి కూడా నవ్వింది. ఆ నవ్వు వీధిలోకి వినిపించేంత గట్టిగా వచ్చేసరికి, తనే ఆశ్చర్యపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇది తన ఇల్లు కాదని గుర్తొచ్చి తీసేసింది.

"సంబంధం సంగతి నీ ఇష్టం" అంది ధనలక్ష్మి తేరుకుని. "నా కొడుకు మంచోడే గానీ పిరికోడు. వాళ్ళ నాన్న పోలిక. నీకొద్దంటే వద్దు, నాకేటీ కోపం లేదు. కానీ రెండో సినిమా తియ్యాల నువ్వు. అందులో నాను వేషం ఏస్తాను. బతికున్నదాన్ని."

"బతికున్న ఆడమనిషిని చూసి ఎవరు భయపడతారండి? దెయ్యాల సినిమా ఎలా అవుతుంది?"

"మా ఇంట్లో ఇద్దరున్నారు" అంది ధనలక్ష్మి. "నాను పెనం దించేసి కూకుంటే సాలు. సూద్దువు గాని."

అప్పటికి బయట చినుకులు మొదలై, పెద్దవై, వానగా మారాయి. అనూరాధ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా, ఎవరి అరుగు మీదకీ వెళ్ళకుండా, ఇక్కడే ఉండమన్న అమ్మ మాట ప్రకారం బండి పక్కనే నిలబడి జయకృష్ణ తడుస్తున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. లోపలినుంచి వినిపించిన నవ్వుకు అర్థమేమిటో తెలియక, పరీక్షాఫలితాల కోసం నిలబడినవాడిలా ఉన్నాడు.

ఆమె కిటికీ రెక్క తీసింది. "ఏం చెప్పాలో ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండి." వాన మోతలో గొంతు పెంచక తప్పలేదు. పక్కింటి వాళ్ళు కూడా కిటికీ తీశారు. "సినిమా ప్రైవేటులో పెట్టమన్నది నాన్న కాదు. తీసేయమన్నాడాయన. ప్రైవేటు ఆలోచన నాదే. భయమేసి అన్నాను. నాకు మీరంటే ఇష్టం. ఆ రోజు లైటు వణికింది చెయ్యి లాగి కాదు."

పక్కింటావిడ లైటు ఏమిటని లోపలివాళ్ళను అడిగింది. అనూరాధ పెదవి కొరుక్కుంది.

"ఇప్పుడు కూడా భయమేస్తోందా?"

"వేస్తోందండి."

"ఎవర్ని చూసి?"

జయకృష్ణ ఆమె వంక చూశాడు. ఆమె భుజం వెనక నుంచి తొంగి చూస్తున్న తల్లి వంక చూశాడు. కళ్ళు మూసుకోలేదు.

"ఇద్దర్నీ చూసి."

"అయితే లోపలికి రండి" అంది అనూరాధ, తలుపు గడియ తీయడానికి వెళుతూ.